వారెంటు ఉన్న సంగతి ఎవరు చెప్పాలి?

అరెస్టు వారెంటు నిందితుడికి రాసే ఉత్తరం కాదు, కోర్టు పోలీసు అధికారికి రాసే ఆదేశం. ఫలానా కేసులో ఫలానా మనిషిని పట్టుకొచ్చి తన ముందు హాజరుపరచమని మేజిస్ట్రేటు అందులో చెబుతారు. దాని మీద కోర్టు ముద్ర, న్యాయాధికారి సంతకం, నిందితుడి పేరూ చిరునామా, మోపిన నేరం ఉంటాయి. కాగితం కోర్టు నుంచి పోలీసు స్టేషన్‌కు వెళుతుందే తప్ప దాని నకలు నిందితుడి ఇంటికి వెళ్లదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 72 నుంచి 83 వరకు ఉన్న సెక్షన్లు వారెంటు వ్యవహారమంతా చెబుతాయి. 2024 జులై 1 దాకా ఇవే నిబంధనలు, చిన్న మార్పులతో, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 70 నుంచి 81 వరకు ఉండేవి. వారెంటు జారీ కాగానే ఆ మనిషికి తెలియజేయాలన్న మాట అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మొదట సమన్లు పంపాలి, చివర అరెస్టు చేసేటప్పుడు సంగతి చెప్పాలి. ఈ రెంటికీ నడుమ ఎంత కాలం గడిచినా చట్టం ఏమీ మాట్లాడదు. వారెంటుకు గడువు తీరడమంటూ కూడా ఉండదు. కోర్టు రద్దు చేసేదాకానో, పోలీసులు అమలు చేసేదాకానో అది బతికే ఉంటుందని 72(2) చెబుతోంది.

హత్యలు, దోపిడీలు చేసి పరారైనవాళ్ల మీద జారీ అయిన వారెంట్లు పేపర్లకెక్కుతాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి వ్యాపారపు ఊళ్ల మేజిస్ట్రేటు కోర్టుల్లో రోజూ కనిపించేవి వేరే రకం. చెక్కు బౌన్సు కేసులో వాయిదాకు రాని ఎరువుల దుకాణదారు, యాక్సిడెంటు కేసు నడుస్తుండగా లోడుతో ఒడిశా వెళ్లిన లారీ డ్రైవరు, భార్యకు మనోవర్తి బాకీపడిన భర్త, పొలం గట్టు తగాదాలో నాలుగో నిందితుడిగా పేరెక్కిన పక్క పొలం రైతు. వీళ్లెవరూ పారిపోయినవాళ్లు కారు. ఒక వాయిదాకు రాలేదు, ఆ రోజు వకీలు ఆబ్సెంట్ పిటిషన్ వేయలేదు, అంతే. ఆ పిటిషన్‌ను కోర్టు ఆవరణల్లో అందరూ ఇన్నేళ్లూ ‘317 పిటిషన్’ అన్నారు. కొత్త సంహితలో దాని సెక్షను 355. అది పడకపోతే బెంచి మీద నుంచి నాన్‌బెయిలబుల్ వారెంటు రావడానికి ఒక్క నిమిషం చాలు.

చెక్కు కేసుల్లో ఇంకో చిక్కు ఉంది. 2015లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టాన్ని సవరించాక, డబ్బు రావలసినవాడి ఖాతా ఏ బ్యాంకు శాఖలో ఉందో ఆ శాఖ పరిధిలోని కోర్టులోనే కేసు వేయాలి. కోదాడ చిల్లర వ్యాపారి విజయవాడ టోకు వ్యాపారికి ఇచ్చిన చెక్కు తిరిగొస్తే, కేసు విజయవాడలో నడవొచ్చు. మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని హైదరాబాదులో ఖాతా ఉన్నవాడికి చెక్కు ఇస్తే, సమన్లు హైదరాబాదు నుంచి వస్తాయి. ఆ కేసుల్లో సమన్లను స్పీడుపోస్టు, కొరియర్ల ద్వారా పంపవచ్చు. ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని కవరు మీద రాసి వెనక్కొస్తే, అందినట్టే లెక్క. ఇల్లు మారినవాడి కవరు మీద ఏ రాత పడిందో అతనికి తెలిసే మార్గం లేదు.

మొదటి కబురు సమన్లే కాబట్టి దాన్ని అందించే పద్ధతి ఎంత గట్టిగా ఉంటే వారెంట్ల అవసరం అంత తగ్గుతుంది. మనిషి దొరకనప్పుడు కుటుంబంలోని వయోజనుడైన మగవాడికే సమన్లు ఇవ్వాలని పాత కోడ్ అనేది. మగవాళ్లందరూ పొలానికో మిల్లుకో పోయిన ఇంట్లో ఆడవాళ్లు ఉన్నా బంట్రోతు తిరిగి వెళ్లవలసిన పరిస్థితి. కొత్త సంహిత 66వ సెక్షను ఆ ‘మగ’ మాటను తీసేసింది. ఫోను నంబరు, ఈమెయిలు, చిరునామా నమోదు చేసే రిజిస్టరు ఉండాలని 64వ సెక్షను చెబుతోంది. కోర్టు ముద్ర ఉన్న సమన్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికీ అదే దారి తెరిచింది. చెక్కు కేసుల్లో మామూలు పద్ధతితో పాటు ఫిర్యాదుదారే స్వయంగా సమన్లు అందించాలనీ, ఎలక్ట్రానిక్ మార్గాలు కూడా వాడాలనీ 2025 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇక్కడ రెండు కాగితాలను కలిపేసుకోకూడదు. కోర్టు పంపే సమన్లు ఒకటి, దర్యాప్తులో హాజరుకమ్మని పోలీసులు కొత్త సంహిత 35(3) కింద ఇచ్చే నోటీసు మరొకటి. పాత కోడ్‌లో 41ఎ అన్నది ఆ రెండోదాన్నే. పోలీసు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో చెప్పింది, జులైలో మళ్లీ చెప్పింది. ఆ నోటీసును పాటించకపోతే అరెస్టు దాకా పోవచ్చు కాబట్టి అది చేతికే అందాలన్నది కోర్టు వాదన. ఈ వాదన వారెంటుకు మరింత వర్తిస్తుందనిపిస్తుంది.

సమన్లు అందినా రానివాడి మీద ఒకేసారి నాన్‌బెయిలబుల్ వారెంటు వేయవచ్చా? ఇందర్ మోహన్ గోస్వామి కేసులో 2007లో సుప్రీంకోర్టు ఒక వరస చెప్పింది. ముందు సమన్లు, వాటికి రాకపోతే బెయిలబుల్ వారెంటు, కావాలనే తప్పించుకుంటున్నాడని తేలాక నాన్‌బెయిలబుల్. బెయిలబుల్ వారెంటు మీద ఎంత మొత్తానికి ఎంతమంది జామీనుదార్లు కావాలో, ఏ తేదీన హాజరుకావాలో మేజిస్ట్రేటు రాస్తారు. పోలీసు అధికారి ఆ పూచీ తీసుకుని మనిషిని వదిలేయాలి. ఒక రకంగా ఇది కబురు చెప్పే వారెంటు. పోలీసు గుమ్మం దాకా వస్తాడు, తేదీ చెబుతాడు, సంతకం పెట్టించుకుని వెళతాడు. చిన్న కేసుల్లో ఈ మెట్టును దాటేయడం వల్లనే తర్వాతి తిప్పలు ఎక్కువగా వస్తాయి.

నాన్‌బెయిలబుల్ వారెంటు జారీ అయ్యాక నిందితుడికి ఆ మాట ఎలా చేరుతుంది? మొదటి దారి వకీలు, ఆయన గుమాస్తా. డైరీలో వాయిదా రాసుకునే గుమాస్తా ఫోను చేస్తే సరి. ఫీజు బాకీపడి వకీలుకు మొహం చాటేసినవాడికి ఆ ఫోను రాదు. రెండో దారి కోర్టు డ్యూటీ కానిస్టేబులు. స్టేషన్‌కు వారెంటు చేరాక, ‘నీ మీద వారెంటుంది, కోర్టుకెళ్లి రీకాల్ చేయించుకో’ అని ఫోనులో చెప్పడం పల్లెల్లో మామూలే. పండగ పూట మనిషిని లాక్కెళ్లడం కన్నా ఇది మంచి పద్ధతి. కానీ ఇది ఎక్కడా రాసిలేని పద్ధతి, చెప్పేవాడి దయ మీద నడుస్తుంది. రికార్డు లేని కబురు బేరానికి దారి తీసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

మూడో దారి జామీనుదారు. నిందితుడు రాకపోతే అతని బాండును జప్తు చేసి, పూచీ ఉన్నవాడికి 491వ సెక్షను కింద నోటీసు పంపుతారు: డబ్బు కట్టు, లేదా ఎందుకు కట్టనక్కరలేదో చెప్పు. పట్టాదారు పాసుపుస్తకం పెట్టి పూచీ నిలబడిన మేనమామకో బావమరిదికో ఈ నోటీసు వచ్చినప్పుడు ఇంట్లో గొడవ మొదలవుతుంది, వారెంటు సంగతి అప్పుడు బయటపడుతుంది. చట్టంలోని వింత ఇదే. పూచీపడినవాడికి కోర్టే అధికారికంగా చెబుతుంది, అరెస్టు కావలసినవాడికి మాత్రం చెప్పదు.

నాలుగోది ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు, మొబైల్ యాప్. ప్రతి కేసుకూ అక్షరాలూ అంకెలూ కలిసిన 16 స్థానాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. అది కొడితే గత వాయిదాలు, తర్వాతి తేదీ, కేసు ఏ దశలో ఉందీ కనిపిస్తాయి. అక్కడ ‘ఎన్‌బీడబ్ల్యూ’ (నాన్‌బెయిలబుల్ వారెంటు) అని ఉంటే సంగతి అర్థమైనట్టే. నంబరు తెలియనివాడు జిల్లానూ కోర్టునూ ఎంచుకుని పేరుతో వెతకాలి. తెలుగు పేర్లకు ఇది తేలిక కాదు. లక్ష్మయ్య పేరును ఎక్స్ పెట్టి రాసే గుమాస్తా ఒకరు, కెఎస్‌హెచ్ పెట్టి రాసేవారు మరొకరు. ఇంటిపేరు ఒక కేసులో పూర్తిగా ఉంటుంది, మరొక కేసులో ఒక్క అక్షరమే ఉంటుంది. పైగా ఏ కోర్టులో చూడాలో తెలియాలి. సూర్యాపేట 2016 అక్టోబరు 11న నల్లగొండ నుంచి విడివడి జిల్లా అయింది. కొత్త జిల్లాల్లో జిల్లా కోర్టులు 2022 జూన్ 2న మొదలయ్యాయి. కోదాడ, హుజూర్‌నగర్ సూర్యాపేట కిందికి వచ్చాయి, మిర్యాలగూడ నల్లగొండతోనే ఉండిపోయింది. కేసు పాతదైతే వెతికేవాడు రెండు జిల్లాల పేర్ల కిందా చూసుకోవడం మేలు.

తెలిశాక చేయవలసింది పెద్ద పనేమీ కాదు. వకీలుతో వారెంటు రీకాల్ పిటిషన్ వేయించి, రాలేకపోయిన కారణానికి ఆధారం చూపి, స్వయంగా కోర్టులో నిలబడాలి. ఆసుపత్రి కాగితమో, చావు కబురో, ట్రిప్పు షీటో చూపిస్తే చాలా కేసుల్లో కోర్టు కొంత జరిమానాతోనో, కొత్త పూచీతోనో వారెంటును వెనక్కి తీసుకుంటుంది. తనంత తాను వచ్చినవాడికీ, పోలీసులు పట్టుకొచ్చినవాడికీ బెంచి ముందు తేడా ఉంటుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ముందే చెబితే పారిపోరా అన్నది పోలీసుల వైపు నుంచి వచ్చే ప్రశ్న. హత్య, అత్యాచారం, ముఠా దొంగతనాల్లో ఆ భయం న్యాయమే, అక్కడ గుట్టుగా ఉండాల్సిందే. వాయిదా తప్పినవాళ్ల సంగతి వేరని అమెరికా అనుభవం చెబుతోంది. న్యూయార్క్‌లో చిన్న నేరాల సమన్ల కాగితాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేలా మార్చి రాస్తే గైర్హాజరీ 13 శాతం తగ్గింది. వాయిదాకు ముందు ఫోనుకు సందేశాలు పంపితే 21 శాతం తగ్గింది. ఈ అధ్యయనం 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 2005లో క్లీవ్‌లాండ్‌లో అక్కడి మార్షల్స్ శాఖ, వారెంట్లున్నవాళ్లు ఒక చర్చికి వచ్చి లొంగిపోవచ్చని ఊరంతా ప్రకటిస్తే కొద్ది రోజుల్లో 800 మందికి పైగా వచ్చారు. వాళ్లలో తీవ్ర నేరాల కేసులున్నవాళ్లు కూడా ఉన్నారు. అక్కడి చట్టం, కోర్టులు వేరు నిజమే. అయినా భయపడి దాక్కున్నవాడికి గౌరవంగా వచ్చే దారి చూపిస్తే వస్తాడన్నది మనిషి స్వభావానికి సంబంధించిన మాట. మన దగ్గర లోక్ అదాలత్‌లకు ముందు పోలీసులు, కోర్టు సిబ్బంది కక్షిదారులకు కబురు పంపి రప్పిస్తూనే ఉన్నారు. రాజీకి పంపగలిగిన కబురును వారెంటుకు పంపలేకపోవడానికి కారణం కనిపించదు.

అరెస్టు దగ్గరికి వచ్చేసరికి చట్టం నోరు విప్పుతుంది. వారెంటు అమలు చేసే అధికారి దాని సారాంశాన్ని ఆ మనిషికి చెప్పాలి, అడిగితే కాగితం చూపాలి. ఇది 77వ సెక్షను, పాత కోడ్‌లో 75. ఆ తర్వాత అనవసరమైన జాప్యం లేకుండా, ప్రయాణ కాలం పోను 24 గంటల్లోగా కోర్టు ముందు ఉంచాలి. రాజ్యాంగం 22వ అధికరణం కూడా అరెస్టుకు కారణాలు చెప్పాలంటోంది. ఆంధ్రప్రదేశ్ మద్యం కేసులో 2025 మే 23న సుప్రీంకోర్టు ఈ రెంటినీ కలిపి చూసింది. వారెంటు మీద జరిగే అరెస్టుకు వారెంటే కారణమనీ, దాన్ని చదివి వినిపిస్తే 22వ అధికరణాన్ని పాటించినట్టేననీ చెప్పింది. చదివి వినిపించడం అన్న చోట ఆగి చూడాలి. వారెంటు ఇంగ్లిషులో ఉంటే, మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోసే బిహారీ కార్మికుడికి గానీ, తెలుగు తప్ప తెలియని రైతుకు గానీ దాన్ని ఉన్నదున్నట్టు చదివితే వినిపించినట్టు కాదు. అరెస్టు కారణాలను ఆ మనిషికి తెలిసిన భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరు 6న సుప్రీంకోర్టు చెప్పడం ఈ లోటును కొంత పూడుస్తుంది. అరెస్టయినవాడు కోరిన బంధువుకో స్నేహితుడికో వెంటనే తెలియజేయడం 48వ సెక్షను కింద పోలీసుల విధి. అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, నేరం వివరాలు ప్రతి స్టేషన్‌లోనూ జిల్లా కేంద్రంలోనూ ప్రదర్శించాలనీ, ఆ పనికి ఏఎస్సై స్థాయికి తగ్గని అధికారి ఉండాలనీ 37వ సెక్షను అంటోంది.

సరిహద్దు ఊళ్లలో ఇంకో నిబంధన తెలిసి ఉండాలి. వారెంటు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. కానీ జారీ చేసిన కోర్టు పరిధి దాటి వెళ్లే పోలీసు మామూలుగా అక్కడి మేజిస్ట్రేటుతో గానీ స్టేషన్ అధికారితో గానీ దాని మీద రాయించుకోవాలి. పరాయి జిల్లాలో పట్టుకున్నప్పుడు, జారీ చేసిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు ఉంటే, లేదా స్థానిక మేజిస్ట్రేటు, పోలీసు ఉన్నతాధికారుల కన్నా అదే దగ్గరైతే, నేరుగా ఆ కోర్టుకే తీసుకెళ్లవచ్చు. లేదంటే ముందు స్థానికంగా హాజరుపరచాలి. 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. మిర్యాలగూడ వైపు వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. 2014 జూన్ 2కు ముందు ఇది జిల్లా సరిహద్దు మాత్రమే, ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దు. పరాయి జిల్లాలో అరెస్టు చేస్తే, ఆ సంగతి అక్కడి నియమిత అధికారికీ, సొంత జిల్లాలోని అధికారికీ వెంటనే తెలపాలని కొత్త సంహిత 82వ సెక్షనులో అదనంగా చేర్చింది. రోడ్డు మీదే బతుకు గడిపే లారీ డ్రైవర్లకు ఇది చిన్న ఊరట కాదు.

వారెంటు ఉన్నా మనిషి దొరక్కపోతే కోర్టు 84వ సెక్షను కింద ప్రకటన జారీ చేస్తుంది. ఆశ్చర్యంగా, చట్టంలో అన్నిటికన్నా గట్టిగా వినిపించే కబురు ఇదే. కనీసం 30 రోజుల గడువిచ్చి, అతను మామూలుగా ఉండే ఊళ్లో నలుగురికీ తెలిసే చోట దాన్ని బహిరంగంగా చదవాలి. ఇంటికీ, ఊళ్లో కనిపించే చోటా, కోర్టు గోడకూ అంటించాలి. అవసరమనుకుంటే పత్రికలో వేయించవచ్చు. పాత రోజుల్లో ఈ పని దండోరాతో జరిగేది. నిజాం కాలంలో ఇదే సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతం తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ. ఆ పోరాట నాయకులు భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం అజ్ఞాతంలో తిరిగారు. స్వరాజ్యం తలకు రూ.10,000 వెల కట్టారు. అప్పటి ప్రకటనలు మనిషికి కబురు చేర్చడానికి కాదు, ఊరిని భయపెట్టడానికి.

ఇప్పటి ప్రకటనకు పర్యవసానాలు బరువైనవి. దాన్ని పాటించకపోవడం భారతీయ న్యాయ సంహిత 209 కింద మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం, ప్రకటిత నేరస్తుడిగా తేలినవాడికి ఏడేళ్ల దాకా. ఆస్తులు జప్తు చేయవచ్చు. ముందస్తు బెయిలు దొరకడం కష్టం. పదేళ్లు లేదా అంతకు పైబడి శిక్ష పడగల కేసుల్లో, విచారణ తప్పించుకోవడానికి పరారై వెంటనే పట్టుబడే ఆశ లేనివాడి మీద అతను లేకుండానే విచారణ జరపవచ్చని 356వ సెక్షను కొత్తగా అనుమతించింది. దానికి పెట్టిన షరతులు చూస్తే, కబురు ఎలా చెప్పాలో చట్టానికి బాగా తెలుసని అర్థమవుతుంది. కనీసం 30 రోజుల ఎడంతో రెండు వారెంట్లు, చివరి చిరునామా ఉన్న ప్రాంతపు పత్రికలో ప్రకటన, బంధువుకో స్నేహితుడికో సమాచారం, ఇంటికీ స్టేషన్‌కూ అంటించిన కాగితం. ఈ శ్రద్ధలో పావు వంతు మామూలు వారెంటుకు పెట్టినా చాలు.

అప్పు డబ్బు వసూలుకు సివిల్ కోర్టు ఇచ్చే అరెస్టు వారెంటు పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ మొదట నోటీసు ఇచ్చి, జైలుకు ఎందుకు పంపకూడదో చెప్పమని అడగడమే మామూలు పద్ధతి. సూర్యాస్తమయం తర్వాత ఇంట్లోకి వెళ్లకూడదు. డబ్బు డిక్రీలో మహిళను అరెస్టు చేయకూడదు. డిక్రీ మొత్తం, ఖర్చులు చెల్లిస్తే వదిలేయాలి. ఒకే అప్పు సివిల్ దావాగా వెళితే ముందు కబురు, చెక్కు కేసుగా వెళితే నేరుగా వారెంటు రావచ్చు.

రద్దయిన వారెంటు కథ వేరు. ముంబైలో ఒక న్యాయవాది తన మీద వారెంటు రద్దయిన సంగతి చెబుతున్నా 2002 ఆగస్టు 15న పోలీసులు అరెస్టు చేశారు. ఆ వ్యాజ్యంలో 2011లో సుప్రీంకోర్టు వారెంటు కాగితాలకు క్రమసంఖ్య ఉండాలనీ, న్యాయాధికారి సంతకం చదవగలిగేలా ఉండాలనీ, ఫలానా తేదీలోగా అమలైనా కాకపోయినా తిరిగి రావాలనీ, జారీ, రద్దు రెండూ రిజిస్టరులో ఎక్కాలనీ చెప్పింది. రీకాల్ ఉత్తర్వు కోర్టు నుంచి స్టేషన్‌కు చేరేలోగా మనిషి పట్టుబడే అవకాశం ఉంటుంది కాబట్టే వకీళ్లు ఉత్తర్వు నకలు జేబులో పెట్టుకొమ్మంటారు.

వారెంటు గురించి నిజమైన కబురు అందని చోట అబద్ధపు కబురుకు బలం వస్తుంది. ‘డిజిటల్ అరెస్టు’ మోసగాళ్లు బతికేది దీని మీదే. వాట్సాప్‌లో సుప్రీంకోర్టు ముద్రతో నకిలీ వారెంటు పంపి, వీడియో కాల్‌లో యూనిఫాం చూపించి, రిటైరైన ఉద్యోగుల ఖాతాలు ఖాళీ చేస్తారు. హర్యానాలోని వృద్ధ దంపతుల ఫిర్యాదుతో సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో దీన్ని స్వయంగా విచారణకు తీసుకుని, డిసెంబరు 1న దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఫోనులో డబ్బు కట్టించుకుని ఏ వారెంటూ రద్దు కాదు. అనుమానం వస్తే కేసు నంబరు, కోర్టు పేరు అడిగి ఈ-కోర్ట్స్‌లోనో, ఆ కోర్టు ఆఫీసులోనో సరిచూసుకోవాలి. మోసమైతే 1930కి ఫోను చేయాలి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు వారెంటు సంగతి చాలాసార్లు విమానాశ్రయంలోనే తెలుస్తుంది. విమానాశ్రయంలో ఆపమని చెప్పే లుకౌట్ సర్క్యులర్ ఎవరి మీద ఉందో వారికి చెప్పరు. వారెంటు జారీ అయినట్టు తెలిస్తే పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 10వ సెక్షను ఇస్తుంది. అమెరికాలో ఉన్న అల్లుడి మీద కోదాడలోనో మిర్యాలగూడలోనో కాపురం కేసు పడితే, సమన్లు అతని తల్లిదండ్రుల ఇంటి తలుపుకు అంటుకుని ఉండిపోతాయి. ఇలాంటి కేసుల్లో సమన్లు, వారెంట్లు ప్రభుత్వ వెబ్‌సైటులో పెడితే అందినట్టే భావించాలని 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రవాస భారతీయుల వివాహ నమోదు బిల్లు ప్రతిపాదించింది. ఆ బిల్లు చట్టం కాలేదు.